నీల్ దీవికి ఒక్క రోజు చాలుతుందా?

ప్రశ్న: సెలవులకు అండమాన్ వెళ్తున్నాం. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్ దీవికి వెళ్లి అదే రోజు తిరిగి రాగలమా?
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: రావచ్చమ్మా. 2018లో షహీద్ ద్వీప్‌గా పేరు మారిన దీవి ఇదే. పొద్దున్నే బయల్దేరే ఓడకి రానూపోనూ టికెట్లు ముందే కొనుక్కోండి. లక్ష్మణ్‌పూర్ వైపున్న సహజ శిలావంతెన దగ్గరికి సముద్రం ఆటు మీద ఉన్నప్పుడే వెళ్లాలి. ఆ వేళ హోటల్లో అడిగితే చెబుతారు. అక్కడి రాళ్లు బాగా జారతాయి. అత్తగారిని మాత్రం రేవు పక్కనే ఉన్న భరత్‌పూర్ బీచ్‌లో నీడన కూర్చోబెట్టండి. కొబ్బరిబోండాం చేతికిస్తే ఆవిడే మిమ్మల్ని పొమ్మంటారు! చలికాలమైతే సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. పిల్లల్ని పగడపు ముక్కలు ఏరనివ్వకండి, దీవి దాటించడం నేరం.