ఆ రెండు గీతలు అడిగేది దూరం

వర్లీ, బి.డి.డి. చాల్

బిడ్డా,

పదకొండో తరగతి లెక్కల్లో మాడ్ అసమీకరణాల దగ్గర ఆగిపోయావని, ఇక కామర్స్‌కు మారతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కామర్స్ మీద ఇష్టముంటే సంతోషంగా మారు. ఈ ఒక్క పాఠానికి భయపడి మాత్రం మారొద్దు.

నువ్వు పంపిన నోట్‌బుక్ ఫోటోలు చూశాను. ప్రతి లెక్కనూ ప్లస్‌తో ఒకసారి, మైనస్‌తో ఒకసారి చీల్చావు. తర్వాత ‘మరియు’ రాయాలో ‘లేదా’ రాయాలో తేలక, తోచింది రాశావు. నీకు తెలివి లేక కాదు. మాడ్‌కు వాడే ఆ రెండు నిలువు గీతలు ఏమడుగుతున్నాయో చెప్పకుండానే సూత్రం నీ చేతికిచ్చారు. 1841లో జర్మనీ గణితజ్ఞుడు వైయర్‌స్ట్రాస్ వాడిన గుర్తు అది. అడిగేది ఒక్కటే: దూరమెంత?

మీ కామాఠిపురానే సంఖ్యారేఖ అనుకో. నిజాం ఇలాకా నుంచి ఇళ్లు కట్టే కూలికి వచ్చిన మనవాళ్ల పేరు మీద వెలసిన పేట అది, గల్లీలన్నీ నంబర్లే. గల్లీ నంబరును ‘గ’ అందాం. |గ − 7| ≤ 2 అంటే ఏడో గల్లీ నుంచి రెండు గల్లీలకు మించి పోవద్దని. అయిదు నుంచి తొమ్మిది దాకా తెగకుండా ఒకే ముక్క. అయిదుకు తగ్గకూడదు, తొమ్మిది దాటకూడదు, రెండూ ఒకేసారి నిలవాలి కాబట్టి ‘మరియు’. ఇక |గ − 7| > 3 చూడు. ఏడుకు మూడు గల్లీల కన్నా దూరంగా ఉన్నవాళ్లెవరు? ఇటు ఒకటి, రెండు, మూడు. అటు పదకొండు, ఆపైనవి. ఒకే మనిషి రెండు కొసల్లోనూ ఉండలేడు, అందుకే ‘లేదా’. పుస్తకంలో గ పూర్ణాంకమే కానక్కర్లేదు గనుక గ < 4 లేదా గ > 10 అని రాయాలి.

|గ + 2| అంటే −2 నుంచి దూరం. |గ + 2| < −3 కోసం నువ్వు అరపేజీ ఖర్చు పెట్టావు. దూరం సున్నా కన్నా తగ్గదు కదా, సాధన లేదని రాసి ముందుకు పో. అదే > −3 అయితే ప్రతి సంఖ్యా సాధనే. |2గ − 5| ≤ 3 లాంటివాటిలో ముందు 2ను బయటికి తియ్యి. 2.5 నుంచి దూరం 1.5 దాటదు, అంటే 1 నుంచి 4 దాకా.

ఒక్కచోట మాత్రం బొమ్మతో సరిపోదు. |గ − 4| ≤ 2గ − 5లో కుడివైపు కూడా గతో పాటు మారుతుంది. అప్పుడు చీల్చు, తప్పులేదు. గ ≥ 4 అయినప్పుడు గ ≥ 1 వస్తుంది, అంటే 4, ఆపైనవన్నీ సరే. గ < 4 అయినప్పుడు 4 − గ ≤ 2గ − 5, దాంతో గ ≥ 3. రెండూ కలిపితే గ ≥ 3. ఏ లెక్కయినా చివర లోపలి సంఖ్య ఒకటి, బయటి సంఖ్య ఒకటి వేసి చూడనిదే పుస్తకం మూయకు.

మిల్లు మెషిన్ షాపులో టర్నర్‌గా నా బతుకంతా ఈ దూరం లెక్కతోనే గడిచింది. డ్రాయింగ్‌లో 25 మి.మీ., ± 0.05 అని ఉంటే, షాఫ్ట్ వ్యాసం ‘వ’కు షరతు |వ − 25| ≤ 0.05. 25.05 దాటితే మళ్లీ లేత్ మీదికి ఎక్కించి తీయొచ్చు. 24.95 కన్నా సన్నబడితే ఆ ముక్క స్క్రాపే. అసమీకరణానికి రెండు వైపులూ ఒకటే, పని చేసేవాడికి కాదు. ఈ తేడా నీకు ఏ గైడూ చెప్పదు.

చివరగా ఒక లెక్క: |గ − 3| + |గ − 9| ≤ 8. సూత్రం వెతక్కు. మూడో గల్లీలో ఒక ఇల్లు, తొమ్మిదో గల్లీలో ఇంకో ఇల్లు. రెండింటికీ నీకున్న దూరాలు కలిపి ఎనిమిది దాటకూడదు. ఆ రెండిళ్ల మధ్య ఎక్కడ నిలబడ్డా మొత్తం ఆరే. మిగిలిన రెండుతో బయటికి ఎంతవరకు పోగలవో చూసి, ఆదివారం నేను వచ్చేలోగా గీత గీసి పెట్టు.

నీ మేనమామ