ఈ నెల పదం: జుగ్‌జ్వాంగ్



మొన్న చెస్ పీరియడ్‌లో ఓడిపోయిన ఏడో తరగతి బాబు ఒకడు, “మిస్, నా వంతు రాకపోయుంటే ఓడిపోయేవాణ్ణి కాదు” అన్నాడు. అందరూ నవ్వారు. కానీ వాడు చెప్పింది నిజమే. దానికి చదరంగంలో ఒక పేరు కూడా ఉంది: జుగ్‌జ్వాంగ్.

ఇది జర్మన్ మాట. ‘జుగ్’ అంటే ఎత్తు, ‘జ్వాంగ్’ అంటే బలవంతం. చదరంగంలో మన వంతు వదులుకునే వీలు లేదు. ఏ ఎత్తు వేసినా నష్టమే అయినా వేసి తీరాలి. జర్మన్‌లో రైలును కూడా ‘జుగ్’ అనే అంటారు కాబట్టి మన గుంతకల్లు పిల్లలకు ఈ మాట ఇట్టే గుర్తుంటుంది!

1858 నాటికే జర్మన్ చదరంగ రచనల్లో ఈ పదం ఉంది. 1905లో ప్రపంచ చాంపియన్ ఇమాన్యుయెల్ లాస్కర్ ఇంగ్లీషులో వాడారు. పేరు కొత్తదైనా విషయం పాతదే. 9వ శతాబ్దపు అరబ్బుల చదరంగ సమస్యల్లోనూ ఇది కనిపిస్తుంది.

ఇంట్లో చేసి చూడండి

తెల్ల రాజును ఈ-6లో, తెల్ల బంటును డి-7లో, నల్ల రాజును డి-8లో పెట్టండి.

నల్ల వంతు అయితే: రాజుకు ఉన్న గడి సి-7 ఒక్కటే. అక్కడికి వెళ్లగానే తెల్ల రాజు ఈ-7కి వస్తుంది. తర్వాత బంటు మంత్రి అవుతుంది. తెల్ల గెలుపు.

తెల్ల వంతు అయితే: రాజు డి-6కి వెళ్తే నల్లకు ఎత్తే ఉండదు, ఆట డ్రా. ఇంకెటు వెళ్లినా నల్ల రాజు బంటును తినేస్తుంది, అప్పుడూ డ్రానే.

పావులు అవే, గడులూ అవే. తేడా అంతా ఎవరి వంతు అన్నదే.

ఇది నేర్పుతుంటే నా ఇంగ్లీషు క్లాసే గుర్తొచ్చింది. “టక్కున చెప్పు” అని నిలబెడితే, అప్పటిదాకా సరిగ్గా ఆలోచిస్తున్న పిల్లలు కూడా తోచిందేదో చెప్పేస్తారు. వాళ్లకు రాక కాదు, నా తొందర వల్ల. ఇప్పుడు ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టి ఆగుతున్నాను. ప్రోగ్రెస్ కార్డు చూసి “మార్కులు ఎందుకు తగ్గాయో ఇప్పుడే చెప్పు” అనే ముందు మీరూ కాస్త ఆగి చూడండి. చదరంగంలో లేని ఆ వెసులుబాటు ఇంట్లో మనం ఇవ్వగలం.

2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయిన మన కోనేరు హంపి ఆట నేర్చుకున్నది తండ్రి అశోక్ గారి దగ్గరే. ఈ ఆదివారం మీరూ పిల్లలతో బోర్డు ముందు కూర్చోండి. పై లెక్క ముందు వాళ్లనే చేయనివ్వండి.