మంచము పట్టినవారికి ఒత్తిడి పుండ్లు

మిరప కోతల దినములలో గుంటూరు, ప్రకాశము జిల్లాల పల్లెలలో ఇంటిల్లిపాదియు చేలకు పోవుదురు. పక్షవాతముతో మంచము పట్టిన ముసలివాడు ఉదయమున పరుండబెట్టిన ప్రక్కనే సాయంకాలము వరకు ఉండిపోవును. పుండు పుట్టుట అట్లే.

ఎముకకును పడకకును నడుమ చర్మము నలిగి రక్తప్రసారము ఆగిపోవును. నడుము క్రింది భాగము, తుంటి, మడమలు ముందుగా చెడును. ఎఱ్ఱబడినచోట వ్రేలితో నొక్కి విడిచినను తెల్లబడకున్నచో అది తొలి హెచ్చరిక. నల్లని మేనిపై ఎఱుపు కానరాకపోవచ్చును. వేడిని, గట్టిదనమును తాకి తెలిసికొనవలెను. అచ్చట మర్దన చేయరాదు.

ఇంగ్లండునందలి స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్నుపాము విభాగమును ప్రారంభించిన డాక్టరు లుడ్విగ్ గట్మన్, రోగులను రాత్రింబవళ్లు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పించెను. నేటికిని ఏటేట నవంబరు మూడవ గురువారమున పలు దేశముల వైద్య సంఘములు ఈ జాగ్రత్తనే ప్రచారము చేయుచున్నవి. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లర్ 1898లోనే ఆసుపత్రి తెరచిరి. కాని రోగి ఇల్లు చేరిన పిదప పరిచర్య ఇంటివారిదే. కోతల నాళ్లలో ఇరుగుపొరుగువారు వంతులు వేసికొనినచో ఎవరి కూలియు పూర్తిగా పోదు.

మన ప్రాంతపు దూది పరుపు మంచిదే, అణగి గట్టిపడినచో దానిని ఏకించవలెను. గుడ్డను కుదురువలె చుట్టి పుండు క్రింద పెట్టుట మాత్రము హాని. అంచులవద్ద ఒత్తిడి హెచ్చును. పప్పు, గ్రుడ్డు, పాలు పెట్టవలెను. చర్మము చిట్లినచో జాగు చేయక వైద్యునికి చూపవలెను. కాయలు కోసిన చేతులు సబ్బుతో బాగుగా కడుగుకొనిన తరువాతనే రోగిని తాకవలెను. మిరప ఘాటు తగిలినచో పుండు భగ్గున మండును.