మాటల నారుమడి

— బి.యస్సీ. మూడో సంవత్సరం విద్యార్థి



ముందు నా ఓటమి కథ ఒకటి చెప్పి, తర్వాత పాఠంలోకి వస్తాను. ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా ఒక కోచింగ్ సెంటర్లో నమూనా పరీక్ష వ్రాశాను. నేను పదో తరగతి దాకా మా ఊళ్ళో తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లీషు. అందులో పొట్టి వరి రకాలకు లాడ్జింగ్ ఎందుకు తక్కువ అని ఒక ప్రశ్న వచ్చింది. నాకు తెలిసిన లాడ్జింగ్ ఒక్కటే, రాజమండ్రి వీధుల్లో బోర్డుల మీద కనపడేది. వరికీ అద్దె గదికీ ఏమిటి సంబంధం? గింజలు నిల్వ చేయడం గురించి కాబోలు అనుకుని తప్పు జవాబు గుర్తు పెట్టి వచ్చాను.

మర్నాడు తెలిసింది, లాడ్జింగ్ అంటే చేను పడిపోవడమట! నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ ఏడు సార్వా కోతల ముందు గాలీ వానా వచ్చి మా చేనే పడిపోయింది. నాన్నగారూ నేనూ మోకాలి లోతు నీళ్ళల్లో దిగి, పడిన దుబ్బులు నాలుగేసి కలిపి ముడివేసి నిలబెట్టాం. నా చేతులకు బాగా తెలిసిన విషయమే, పేరు మారేసరికి కాగితం మీద గుర్తుపట్టలేకపోయాను. అగ్రికల్చర్ సీటు నాకు రాలేదు. ఒక్క మాట వల్లే రాలేదని అనను గాని, అలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకుంటే భయం వేసింది.

ఇది నా ఒక్కడి బాధ కాదు. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ చదువులు ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఈఏపీసెట్ వ్యవసాయ విభాగంలో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు ఇస్తారు. అంటే ప్రశ్నకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. మాట అర్థం కాక ఆగితే ఆ కాలం అక్కడే హరించుకుపోతుంది. ఐసెట్‌లోనూ, 2022లో మొదలైన సీయూఈటీ ఇంగ్లీషు పేపర్లోనూ పదజాలానికే మార్కులున్నాయి. కాబట్టి నేను మూడేళ్ళుగా చేస్తున్న పద్ధతి ఇక్కడ వ్రాస్తున్నాను.

ఒకటి: తెలిసిన వస్తువుకు కట్టండి.

ఎ నుంచి జడ్ దాకా జాబితా బట్టీ పట్టడం నేనూ చేశాను. వారం తిరిగేసరికి తాలు తప్ప గింజ మిగల్లేదు. తర్వాత మా పొలం మాటలతో మొదలుపెట్టాను. పిలకలు వేయడం టిల్లరింగ్. పైరు పొట్టమీద ఉండడం బూటింగ్, దీనికీ కాలి బూటుకీ ఏ సంబంధమూ లేదు. వెన్ను అంటే పానికిల్. తాలు అంటే చాఫ్. ఒక్క చేలో ఇరవై మాటలు దొరికాయి, ఒక్కటీ మరవలేదు.

మాట వెనక కారణం కూడా తెలిస్తే ఇంకా గట్టిగా నిలబడుతుంది. పాత పొడుగు రకాలకు ఎరువు ఎక్కువ వేస్తే ఏపుగా పెరిగి, బరువు ఆపలేక ఒరిగిపోయేవి. 1966లో విడుదలైన ఐఆర్-8 పొట్టిది, కాడ గట్టిది, అందుకే నిలబడింది. 1967లో దాన్ని మన పశ్చిమ గోదావరి ఆచంటలో పండించి చూపిన రైతు నెక్కంటి సుబ్బారావు గారు. ఇంత తెలిశాక లాడ్జింగ్ అనే మాట నన్ను ఇంకెప్పుడూ మోసం చేయలేదు.

రెండు: మాటలను కుటుంబాలుగా నేర్చుకోండి.

కొబ్బరి శాస్త్రీయ నామం కోకోస్ న్యూసిఫెరా. న్యూసిఫెరా అంటే కాయను మోసేది. లాటిన్‌లో ఫెర్ అంటే మోయడం. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే శంకువులను మోసేవి కోనిఫర్లు, రంధ్రాలను మోసేవి పొరిఫెరా, నీటిని మోసే భూమి పొర ఆక్విఫర్. సారవంతమైన నేలను ఫెర్టైల్ అనడం కూడా అక్కడినుంచే వచ్చింది. ఒక కోనసీమ కొబ్బరిచెట్టు కింద నాలుగు మాటలు ఉచితం!

ఇంకో తమాషా చూడండి. మన గట్లకు బొరియలు పెట్టే పందికొక్కు పేరే ఇంగ్లీషులోకి వెళ్ళి బాండికూట్ అయింది. దాని ప్రజాతి పేరు కూడా బాండికోటాయే. అయితే పరీక్షలో జాగ్రత్త. ఆస్ట్రేలియాలో ఉండే ఒక సంచి జంతువుకు కూడా బాండికూట్ అనే పేరు పెట్టారు. ఇంటర్ పుస్తకంలో పరిణామం పాఠంలో వచ్చేది అదే, మన పందికొక్కు కాదు.

వరికి పట్టే సుడిదోమ పేరు నీలపర్వత లూజెన్స్. లాటిన్‌లో లూజెన్స్ అంటే దుఃఖిస్తున్నది అని అర్థం. పోటీ పరీక్షల జాబితాల్లో కనపడే లుగూబ్రియస్, అంటే శోకపూరితమైన అనే మాట, దీని చుట్టమే. పేరు పెట్టినవారి ఉద్దేశం ఏదైనా, ఆ సాయంత్రం నాన్నగారికి ఈ సంగతి చెబితే కాసేపు ఆగి, "ఆ పేరు పెట్టినాయన మన చేను చూసే పెట్టుంటాడ్రా" అన్నారు. సుడులు సుడులుగా మాడిపోయిన చేను మా ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆ మాట నేను ఈ జన్మలో మరవను.

మూడు: నాటి వదిలెయ్యకండి.

ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అర్థంలేని అక్షరాల ముక్కలు తనే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో లెక్కకట్టి 1885లో ప్రకటించాడు. నేర్చుకున్న కొత్తలోనే మరుపు ఎక్కువ. ఎడం ఎడంగా తిరిగి చదివితే మరుపు నెమ్మదిస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఊడ్చిన మర్నాటినుంచీ చేను చూసుకోవాలి. నేను రోజుకు ఐదు మాటలే వ్రాసుకుంటాను. మర్నాడు, మూడో నాడు, వారానికి, నెలకు తిరగేస్తాను. అర్థం మూసిపెట్టి నన్ను నేనే అడుగుకుంటాను, ఊరికే చదువుకుంటూ పోను. ప్రతి మాటతో సొంత వాక్యం ఒకటి వ్రాస్తాను. రోజుకు ఐదైనా 200 రోజులకు వెయ్యి మాటలు.

ఇంత ఆలస్యంగా మొదలుపెట్టి ఏం లాభం అనేవాళ్ళు సి.పి. బ్రౌన్‌ను తలచుకోవాలి. ఉద్యోగానికని 1817లో మద్రాసు వచ్చేనాటికి ఆయనకు తెలుగు రాదు. రాజమండ్రిలోనూ కొంతకాలం పనిచేశాడు. పండితుల దగ్గర కూర్చుని, జనం మాట విని నేర్చుకుని, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించాడు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందీ ఆ ఏడే. రెండూ ఒక్క రోజులో కట్టినవి కావు.

చివరగా ఒక్క మాట. ఇంట్లో మాట్లాడే భాషను తక్కువ చేసుకోకండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల నోట మాటలు సేకరింపజేసి కూర్చిన వ్యవసాయ పదకోశం 1962లో వెలువడింది. పండితులు వెతుక్కుంటూ వచ్చిన ఆ మాటలు మనకు ఊరికే వచ్చాయి. వాటి పక్కన రెండో పేరు వ్రాసుకోవడమే మనం చేయాల్సిన పని.

ఈ ఏడు పి.జి. ప్రవేశ పరీక్ష నేనూ వ్రాస్తున్నాను. ఫలితం ఎలా ఉంటుందో గాని, లాడ్జింగ్ దగ్గర మాత్రం తప్పు పోను. నా నోటుపుస్తకాలు మూడున్నాయి. కావలసిన జూనియర్లు తీసుకుని ఎత్తి వ్రాసుకోవచ్చు. తిరిగి ఇవ్వడం మరవకండి, నాకింకా పని ఉంది వాటితో!