సహృదయత

కావ్యాన్ని ఆస్వాదించగల పాఠకుణ్ణి మన ఆలంకారికులు 'సహృదయుడు' అన్నారు. కవి హృదయంతో సమానమైన హృదయం కలవాడని ఆ మాటకు అర్థం. కావ్యం బోధపడనప్పుడు దోషం కవిదేనని తీర్మానించక, తనలో ఏదైనా కొరత ఉన్నదేమోనని పాఠకుడు కూడా ఆలోచించుకోవాలి. సాహిత్యానికి చెప్పిన ఈ గుణం మనుషుల నడుమ మరింత అవసరం. ఆటిజం ఉన్నవారి జీవితాలను పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

ఆటిజం అంటువ్యాధి కాదు, ఉన్మాదం కాదు, పూర్వజన్మ పాపఫలం అసలే కాదు. అది మెదడు ఎదుగుదలలో బాల్యం నుంచే ఉండే ఒక భేదం. ఎదుటివారి ముఖకవళికలను, మాటల వెనుక ఉన్న భావాన్ని గ్రహించడం, తోటివారితో కలిసిపోవడం వీరికి కష్టమనిపిస్తుంది. దినచర్యలో చిన్న మార్పు వచ్చినా కొందరు కలత చెందుతారు. మనం పట్టించుకోని మిక్సీ చప్పుడు, ట్యూబులైటు వెలుగు కొందరికి భరింపరానివి కావచ్చు. ఈ లక్షణాలు అందరిలోనూ ఒకే రీతిగా ఉండవు. కొందరికి మాటలు రావు. కొందరు ఉన్నత విద్యలు అభ్యసించి ఉద్యోగాలు చేస్తున్నారు. ఈ వైవిధ్యం కారణంగానే వైద్యులు దీనిని 'ఆటిజం స్పెక్ట్రమ్' అని వ్యవహరిస్తున్నారు.

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి, ఈ స్థితిని వివరంగా వర్ణించాడు. అయితే ఆ తరువాతి కాలంలో ఒక క్రూరమైన అపోహ వ్యాపించింది. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లనే బిడ్డ ఇలా అవుతున్నాడని పలువురు నిపుణులు భావించారు. అటువంటి తల్లులను 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అని కూడా అన్నారు. బిడ్డ కోసం నిద్రాహారాలు మానిన తల్లి, బిడ్డ స్థితికి తానే కారణమన్న నిందను కూడా మోయవలసి వచ్చింది. ఆటిజం ఉన్న కుమారునికి తండ్రి, మనోవిజ్ఞాన శాస్త్రవేత్త అయిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో ఒక గ్రంథం వెలువరించి, దీని మూలాలు శరీర నిర్మాణంలోనే ఉన్నాయని వాదించాడు. తరువాతి పరిశోధనలు తల్లులపై పడిన నింద నిరాధారమని తేల్చాయి.

మన దేశంలో కూడా తల్లిదండ్రులే ముందుకు వచ్చారు. ఆటిజం ఉన్న కుమారుని తల్లి మెర్రీ బారువా 1991లో ఢిల్లీలో 'యాక్షన్ ఫర్ ఆటిజం' సంస్థను నెలకొల్పారు. 1995 నాటి వికలాంగుల చట్టం పేర్కొన్న వైకల్యాలలో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం దానిని గుర్తించింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజంతో కలిపి 21 రకాల వైకల్యాలను పేర్కొన్నది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న బాలబాలికలకు 6 నుంచి 18 సంవత్సరాల వయస్సు వరకు ఉచిత విద్య హక్కుగా లభించింది. ప్రభుత్వోద్యోగాలలో దివ్యాంగులకు కేటాయించిన 4 శాతంలో వీరికి కూడా స్థానం కలిగింది.

ఆటిజాన్ని పూర్తిగా తొలగించే మందు లేదు. నెలలలో నయం చేస్తామనే ప్రకటనలను నమ్మి ధనాన్ని, విలువైన కాలాన్ని పోగొట్టుకోరాదు. ఎంత త్వరగా గుర్తించి శిక్షణ ప్రారంభిస్తే అంత మేలు. స్పీచ్ థెరపీ మాటను నేర్పుతుంది. మాట రాని పిల్లలకు బొమ్మల కార్డులతో తమ అవసరాన్ని తెలియజేయడం అలవాటు చేస్తుంది. నీరు కావాలని ఏడ్చే బిడ్డ గ్లాసు బొమ్మను చూపగలిగిన నాడు ఆ ఇంట కొంత శాంతి నెలకొంటుంది. ఆక్యుపేషనల్ థెరపీ దుస్తులు ధరించడం, అన్నం తినడం, చేతిరాత వంటి పనులలో తోడ్పడుతుంది. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మేధో వైకల్యం గలవారి సేవలకు, ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణకు దేశమంతటా పేరుగాంచింది.

ఎన్ని సేవలున్నా తల్లిదండ్రులను ఒక ప్రశ్న వేధిస్తూనే ఉంటుంది: "మా తరువాత మా బిడ్డకు దిక్కెవరు?" 18 సంవత్సరాలు నిండినవారికి అవసరమైతే సంరక్షకుణ్ణి నియమించే అధికారాన్ని నేషనల్ ట్రస్టు చట్టం జిల్లా స్థాయి సంఘానికి ఇచ్చింది. కాని చట్టం సంరక్షకుణ్ణి ఇవ్వగలదే గాని స్నేహితుణ్ణి ఇవ్వలేదు. ఆ బాధ్యత సమాజానిది.

ఇటీవలి దశాబ్దాలలో ఆటిజం ఉన్నవారే తమ గురించి తాము మాట్లాడుతున్నారు, రచనలు చేస్తున్నారు. వారిలో బ్రిటన్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ ఒకరు. ఆటిజం ఉన్నవారు ఇతరులను అర్థం చేసుకోలేరని లోకం అంటున్నది. మరి ఇతరులు వారిని ఏ మేరకు అర్థం చేసుకుంటున్నారని ఆయన 2012లో ప్రశ్నించారు. ఆయన దృష్టిలో ఈ అవగాహన లోపం ఇరువైపులా ఉన్నది. కాగా మారవలసిన భారమంతా ఒక పక్షం మీదనే మోపడం న్యాయం కాదు. మన ఆలంకారికులు పాఠకునిలో ఆశించిన సహృదయతనే ఆయన సమాజంలో ఆశించారని చెప్పవచ్చు.

విద్యార్థులారా! మీ తరగతిలో ఇటువంటి సహాధ్యాయి ఉండవచ్చు. అతడు మీ కళ్ళలోకి చూడకపోతే గర్వమనుకోకండి. మీ హాస్యానికి నవ్వకపోతే హేళన చేయకండి. చెప్పదలచినది సూటిగా చెప్పండి. బదులు చెప్పడానికి వ్యవధి ఇవ్వండి. తరగతి వేళలు మారితే ముందుగా తెలియజేయండి. పరీక్షలలో అతనికి లభించే అదనపు సమయం దయాభిక్ష కాదు, హక్కు అని గుర్తించండి. అన్నింటికన్న ముఖ్యంగా, అతనికి ఏమి కావాలో మీరే నిర్ణయించకుండా అతణ్ణే అడగండి.