పండుగ దినములలో కరెంటు పొదుపు



డిసెంబరు వచ్చినదంటే మన ఇండ్ల ముందు నక్షత్రము వెలుగును. అంకిస, సిరొంచలలోనే గాక బల్లార్షా, చంద్రపూర్ పట్టణములలో స్థిరపడిన మన కుటుంబములలోను ఇదే వాడుక. జనవరిలో బిల్లు రాగానే పెద్దలము నక్షత్రమునే నిందింతుము. ఆ నింద న్యాయమైనదో కాదో లెక్కవేసి చూతము.

వెయ్యి వాట్ల సామాను ఒక గంట నడిచిన ఒక యూనిట్ అగును. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రాత్రికి 12 గంటల చొప్పున 30 రాత్రులు వెలిగిన 3 యూనిట్లకు కొంచెము పైన కాలును. పాతకాలపు 60 వాట్ల బల్బయితే అదే వెలుగుదలకు 21 యూనిట్లు దాటును. ఆ బల్బు ఇంకను ఉన్నవారు వెంటనే మార్చవలెను.

ఇక స్నానపు నీళ్ల సంగతి. 1500 వాట్ల రాడ్డు అరగంట నడిచిన ముప్పావు యూనిట్. బంధువులు వచ్చిన ఇంట రోజుకు నాలుగు బకెట్లు కాచిన 3 యూనిట్లు. అనగా నక్షత్రము నెలంతా తిన్నంత కరెంటును స్నానముల నీళ్లు ఒక్క దినములో తినుచున్నవి! పిల్లలను లైటు ఆర్పలేదని గద్దించు మనము రాడ్డు మాట ఎత్తము. వేడి పుట్టించు సామానులే కరెంటును ఎక్కువగా తినునని గ్రహించవలెను. ఇస్త్రీ పెట్టె, గీజరు అదే జాతివి.

గనుక నీళ్లు సలసల కాచి, పిదప చన్నీళ్లు కలుపుట మానవలెను. స్నానమునకు చాలినంత వేడెక్కగానే స్విచ్చి ఆర్పవలెను (ఆర్పక ముందు నీళ్లలో చెయ్యి పెట్టరాదు). పగలు ఎండలో డ్రమ్ము నింపి ఉంచిన నీటికి సాయంత్రము కొద్ది వేడి చాలును.

మహావితరణ్ బిల్లులో 100 యూనిట్లు దాటిన తరువాతి యూనిట్ల ధర ఎక్కువ. మామూలు నెలలో 90 కాల్చు కుటుంబము పది దినముల వేన్నీళ్లకే ఆ గీత దాటును.

కట్టెల పొయ్యికిని ఇదే సూత్రము. నీళ్లు మరుగుట మొదలైన తరువాత మంట ఎంత పెంచినను నీటి వేడి పెరగదు. కట్టెలు మాత్రము తరుగును. పప్పు రాత్రియే నానబెట్టి, మూతపెట్టి, మంట తగ్గించి ఉడికించవలెను. అడవి నుండి ఆ మోపులు మోయునది మన స్త్రీలే గదా.

పండుగకు ఊరికి పోవువారు టీవీ డబ్బా ప్లగ్గు తీసి పోవలెను. 10 వాట్ల డబ్బా ఊరకనే పది దినములు ఉన్న 2.4 యూనిట్లు కాలును.

మందిరపు సీరియల్ లైట్ల గురించి ఒక మాట. స్తంభపు తీగెకు కొండీ వేయుట పొదుపు కాదు; 2003 విద్యుత్ చట్టము 135వ సెక్షను ప్రకారము దొంగతనము, ప్రాణాపాయము కూడ. మందిరపు మీటరు నుండియే తీసుకొనవలెను, లేదా తాత్కాలిక కనెక్షను అడుగవలెను. ఎల్ఈడీ దండలకు ఖర్చు స్వల్పమే.

1991 నుండి డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినముగా జరుగుచున్నది. ఆదివారపు బడి ఉపాధ్యాయులు ఆ వారము పిల్లలకు ఈ పని ఇయ్యవచ్చును: రాడ్డు పెట్టక ముందు మీటరు అంకె వ్రాయవలెను, తీసిన తరువాత మరల వ్రాయవలెను. మరునాడు నక్షత్రము వెలిగించునప్పుడు, ఆర్పునప్పుడు అట్లే వ్రాసి, రెండు లెక్కలను ఇంట్లో అమ్మానాన్నలకు చదివి వినిపించవలెను.