స్టీరింగ్ తిప్పితే వచ్చే చప్పుడు



మలుపు తిరిగేటప్పుడు ముందు నుంచి టకటకమంటోందని తెచ్చిన కారుకి మీ షెడ్డులో పెద్దవాళ్లు స్టీరింగ్ రాక్ మార్చేయమన్నారనీ, నీకెందుకో మనసొప్పలేదనీ ఫోన్లో చెప్పావు. ఒప్పకపోవడమే మంచిదయింది. రాక్ చిన్న ఖర్చు కాదు. అది మార్చాక కూడా చప్పుడు అలాగే ఉంటే ఆ కస్టమరు మళ్లీ మీ షెడ్డు మెట్లెక్కడు. ఫోన్లో అరకొరగా చెప్పడం ఇష్టంలేక ఇలా రాస్తున్నాను. పెద్దవాళ్లతో వాదానికి దిగకు. చప్పుడు పుట్టేచోటు చేత్తో పట్టి చూపించు, చాలు.

కారు ముందు భాగమంతా ఒకదానికొకటి బిగించిన ఇనుమే. ఒకచోట పుట్టిన చప్పుడు ఆ ఇనుము వెంట పాకి మరెక్కడో వినిపిస్తుంది. ఎడమ లింక్ రాడ్ కొట్టుకుంటుంటే కుడివైపు కూర్చున్న డ్రైవరు తన కాళ్ల కిందే అనుకుంటాడు. అందుకని ‘ఎక్కడ’ అన్న ప్రశ్న తర్వాత, ‘ఎప్పుడు’ అన్నది ముందు అడుగు. బండి నిలబడి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా? ఒకవైపు తిప్పితేనా, రెండువైపులా? పొద్దున్నే తీసినప్పుడు మాత్రమేనా, వేడెక్కాక కూడానా? అడిగాక ఓనరునే నడపమని చెప్పి నువ్వు పక్కన కూర్చో. ఆ చప్పుడు ఎలా రప్పించాలో రోజూ వినే మనిషికే బాగా తెలుసు.

తర్వాత నీ పరీక్ష. ముందు ఇంజను ఆపి, స్టీరింగ్ లాక్ పడకుండా తాళం చెవి అందులోనే ఉంచి, స్టీరింగ్ వీల్‌ని అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించు. ఇప్పుడే టక్కుమంటే పంపు, బెల్టు, యాక్సిల్ నేరం లేనట్టే. స్టీరింగ్ రాడ్ చివర ఉండే క్రాస్ జాయింటో, టై రాడ్ ఎండో, పైన స్ట్రట్ మౌంటో అయి ఉండాలి. ఒకరిని లోపల కూర్చోబెట్టి తిప్పించు. నువ్వు ఒక్కో జాయింటు మీద వేళ్లుంచు. చెవి మోసపోయినా వేళ్లు మోసపోవు, ప్లే ఉన్న జాయింటు చేతికి కొడుతుంది. స్ట్రట్ పైన బేరింగు పట్టేస్తే స్టీరింగ్‌తో పాటు తిరగాల్సిన కాయిల్ స్ప్రింగ్ తిరగకుండా మెలిపడి, ఒక్కసారిగా ‘టంగ్’మని విడుస్తుంది. స్ప్రింగ్ మీద అరచెయ్యి ఆనిస్తే ఆ విడుపు స్పష్టంగా తెలుస్తుంది. వేళ్లు మాత్రం చుట్ల మధ్య పెట్టకు.

ఇప్పుడు ఇంజను స్టార్ట్ చేసి, బండి కదలకుండానే తిప్పు. మూలుగులాంటి శబ్దం వస్తే బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా చూడు. ఆయిల్ తగ్గిందా, నురగ కట్టిందా? నురగ ఉంటే పంపు గాలి పీలుస్తోందన్నమాట. గాలి ఎక్కడ దూరుతోందో చూడకుండా ఆయిల్ మాత్రం నింపి పంపిస్తే వారానికే వెనక్కి వస్తుంది. కీచుమని అరిస్తే బెల్టు జారుతోంది. చివరిదాకా తిప్పి పట్టుకుంటే వచ్చే బుస మాత్రం రోగం కాదు, పంపులో ఒత్తిడి హద్దు దాటకుండా వాల్వు తెరుచుకునే శబ్దం. అలా నాలుగైదు సెకన్లకు మించి పట్టుకోకు, ఆయిల్ కాగిపోతుంది.

ఇదంతా హైడ్రాలిక్ బండ్ల సంగతి. అమ్మకానికి వచ్చిన కార్లలో దాన్ని మొదట 1951లో అమెరికాలో క్రైస్లర్ ఇంపీరియల్‌కి పెట్టారు. కరెంటు మోటారుతో నడిచే స్టీరింగ్‌ని 1988లో జపాన్‌లో సుజుకీ తన సెర్వో అనే చిన్న కారుకి తెచ్చింది. ఇవాళ నీ దగ్గరికొచ్చే చిన్న కార్లలో చాలావాటికి ఆ మోటారే. వాటిలో ఆయిలూ లేదు, పంపూ లేదు. లేని పంపుని అనుమానించి పొద్దు పుచ్చకు, ముందు బండికి ఏ రకం ఉందో చూసుకో.

ఇక నీ టకటక సంగతి. అంబాసిడర్, పద్మిని కార్లు వెనక చక్రాలతో నడిచేవి, ముందు చక్రాలకు తిరగడం ఒక్కటే పని. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మన రోడ్ల మీద ముందు చక్రాలే బండిని లాగే కార్లు నిండిపోయాయి. ఒకే చక్రం ఇంజను శక్తినీ మొయ్యాలి, పక్కకీ తిరగాలి. ఆ రెండు పనులూ కుదిర్చేది యాక్సిల్ చివరి జాయింటు. ఫోర్డ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా 1920లలో కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది: ఒక గిన్నె, దానిలో మరో చిన్న గిన్నె, మధ్య గాడుల్లో ఆరు ఉక్కు గుండ్లు. చక్రం ఎంత తిరిగినా వేగం తేడా రాకుండా శక్తిని అందిస్తాయి. గ్రీజు ఉన్నంతకాలం ఆ జాయింటు ఏళ్ల తరబడి నోరెత్తదు. దాన్ని కాపాడేది రబ్బరు బూటు. బూటు చిరిగిందా, చక్రం తిరిగే ఊపుకి గ్రీజు బయటికి చిమ్ముతుంది. మన వానాకాలంలో మోకాలి లోతు నీళ్లలో బండి వెళ్లిందంటే నీళ్లూ ఇసకా లోపల చేరతాయి. గాడులు అరిగి, మలుపులో బరువు పడినప్పుడల్లా గుండ్లు టకటకమంటాయి.

ఖాళీ స్థలంలో స్టీరింగ్ చివరిదాకా తిప్పి, నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా తిప్పు. ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి. చక్రం వేగంతో పాటు టకటక కూడా వేగమందుకుని, యాక్సిలరేటర్ వదిలితే తగ్గిందంటే అది రాక్ అయ్యే వీల్లేదు. రాక్ చక్రంతో పాటు గిరగిరా తిరిగే వస్తువు కాదుగా. సాధారణంగా ఎడమకి తిరిగితే కుడి జాయింటు, కుడికి తిరిగితే ఎడమ జాయింటు అరుస్తుంది. అయినా ఆ లెక్క నమ్మి విప్పకు. చక్రం వెనక తల పెట్టి రెండు బూట్లూ చూడు. రిమ్ లోపలి అంచున నల్లటి గ్రీజు చిందిన గీత ఉంటే తేలిపోయినట్టే. చిరిగినా ఇంకా చప్పుడు రాని బూటు కనిపిస్తే అక్కడికక్కడే చెప్పు. బూటు మార్చి, పాత గ్రీజు కడిగి కొత్తది పెట్టిస్తే యాక్సిల్ ఖర్చు తప్పించినవాడివవుతావు.

వేగంలో మాత్రమే వచ్చే చప్పుడు వేరు. అరవైలో వెళ్తుంటే దూరంగా తిరగలి తిప్పుతున్నట్టు గుర్రుమంటూ, స్టీరింగ్ కాస్త ఎడమకి వంచితే పెరిగి, కుడికి వంచితే తగ్గితే కుడి హబ్ బేరింగుని అనుమానించు. ఎడమ మలుపులో బరువు కుడి చక్రాల మీదికి పోతుంది. అరిగిన టైరు కూడా అచ్చం ఇలాగే పాడుతుంది. ముందు టైర్లు వెనక్కి మార్చి చూడు, చప్పుడు కూడా వెనక్కి పోతే బేరింగుని ముట్టుకోకు.

చక్రం ఎత్తి చూడటం ఇంకా ముఖ్యం. ముందొక మాట. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో ఎత్తి, స్టాండు మీద దించాకే కిందికి చేతులు పెట్టు. జాకీ ఒక్కటే నమ్ముకుని బండి కిందికి దూరేవాళ్లు నీ చుట్టూ ఉంటారు. నువ్వు దూరకు. మీ అమ్మ నిన్ను నా మాట మీదే అక్కడికి పంపింది.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు, తర్వాత రెండు పక్కలా పట్టుకుని ఊపు. పక్కలకు మాత్రమే ఆడితే టై రాడ్ ఎండో, రాక్ ఎండో. పైకీ కిందికీ కూడా ఆడితే బేరింగో, లోయర్ ఆర్మ్ బాల్ జాయింటో తేల్చాలి. లోపలున్నవాణ్ణి బ్రేకు తొక్కి పట్టమను. బ్రేకు పట్టగానే డిస్కూ హబ్బూ బిగుసుకుంటాయి, బేరింగులోని ప్లే మాయమవుతుంది. అప్పుడు కూడా ఆడుతుంటే బాల్ జాయింటు. ఇది తేల్చడానికి పరికరం అక్కర్లేదు, ఇంకో మనిషి కాలు చాలు.

చిన్నాచితకా కారణాలు వదిలెయ్యకు. డిస్కుకీ రేకుకీ మధ్య ఇరుక్కున్న కంకర గింజ పేద్ద రోగంలా కీచుమంటుంది. ఊడిన క్లిప్పు వల్ల ప్లాస్టిక్ లైనరు టైరుకి రాసుకుంటుంది. అపార్ట్‌మెంటు సెల్లారు నున్నటి నేల మీద టైర్లు కీచుమనడం సహజం, దానికి బిల్లు వెయ్యకు. స్టీరింగ్ వీల్ లోపలే కిర్రుమంటూ ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలిగితే, బ్యాటరీ వైరు తీసి కొద్దిసేపు ఆగకుండా ఆ కవరు విప్పొద్దు. ముందు ఒకటి రెండుసార్లు అనుభవమున్నవాళ్ల పక్కన నిలబడి చూడు. టై రాడ్ ఎండ్ మార్చిన బండిని అలైన్‌మెంటు చేయించకుండా అప్పగించకు.

యాక్సిల్ టకటకమన్నా డబ్బు సర్దుకునేదాకా కొన్నాళ్లు నెమ్మదిగా నడుపుకోవచ్చని చెబితే తప్పులేదు. బాల్ జాయింటు అలా కాదు. అది ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, స్టీరింగ్ చేతికి రాదు. ఓనరు ఎంత తొందరపెట్టినా, ఎంత దగ్గరివాడైనా, బాల్ జాయింటులో ప్లే ఉన్న బండి తాళాలు మాత్రం ఇవ్వకు నాయనా.

ఆశీస్సులతో,
మీ మామయ్య